చిన్నకోడలికి పడదు

1 జూన్ 2007, శుక్రవారం

కానీ ఆ అట్ట మీద ఎర్ర ఇంకు నేను చూడలేదు. నిన్న కూడా ఇదే రాసి, ఆ పేజీ చింపేశాను. అందుకని మళ్ళీ రాస్తున్నాను. చూడలేదు.

జరిగింది వరసగా రాస్తాను. వరసగా రాస్తే నా తప్పు ఎక్కడా లేదని నాకే తెలుస్తుంది.

నిన్న పదకొండింటికి సుబ్బాయమ్మ గారు తన చిన్నకోడలు వెంకటలక్ష్మిని తీసుకొచ్చారు. గొంతు నొప్పి, జ్వరం. నేను కింద ఆసుపత్రిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేరు కొట్టాను. ప్రింటు తీశాను. నర్సు సత్యదుర్గక్కకి ఇచ్చాను. ప్రింటులో పేరు, వయసు, బరువు, ఎలర్జీ అన్నచోట 'నిల్'. దుర్గక్క పెన్సిలిన్ సూది సిద్ధం చేసుకుని, "ముందు టెస్టు డోసు చేసి చూడమంటారా సార్?" అని అడిగింది. బయట బెంచీల మీద ముప్ఫై మంది ఉన్నారు. నాన్నగారు తలెత్తకుండానే, "కంప్యూటర్లో నిల్ అని ఉంది కదమ్మా, ఇంకా టెస్టేంటి? ఇచ్చెయ్యి," అన్నారు.

ఇచ్చేసింది.

రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆవిడ పెదాలు ఉబ్బిపోయాయి. ఏదో చెప్పబోయి మెడ పట్టుకుంది. కాళ్ళు బల్ల మీంచి జారి, ఒక చెప్పు ఊడి నా కుర్చీ కిందికి వచ్చింది. నాన్నగారు పరుగెత్తుకొచ్చి ఇంకో సూది ఇచ్చారు, గొంతులో గొట్టం పెట్టారు, గుండె మీద నొక్కారు. ఆ గొంతులోంచి వచ్చిన చప్పుడు, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో స్ట్రా పెట్టి పీల్చినట్టుంది. చెవిలో వేలు పెట్టుకున్నా వినబడుతోంది. ఇప్పుడు కూడా.

కాకినాడ పంపారు. అంబులెన్సు వచ్చేదాకా సుబ్బాయమ్మ గారు గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతూనే ఉన్నారు. "రాయించేం కదండీ. కాపరానికొచ్చిన కొత్తలోనే ఓసారి ఈ మందుకే ఒళ్ళంతా దద్దుర్లేసి పడిపోతే ప్రకాశం గారు రాసేరు కదండీ. రాసుంది కదా అని మళ్ళీ చెప్పలేదండీ."

అందరూ బయటికి వెళ్ళాక చెప్పు తీయడానికి వంగితే దాని పక్కన ఆ ప్రింటు కూడా పడి ఉంది. రెండూ తీశాను. చెప్పు బల్ల కింద పెట్టాను. ప్రింటు పైకి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో తెలియదు.

తర్వాత వెనక షెడ్డులోకి వెళ్ళాను. పాత ఫైళ్ళన్నీ కట్టలు కట్టి, తుక్కువాడి కోసం అక్కడే పెట్టారు. సుబ్బాయమ్మ గారి ఇంటి ఫైలు, ఆవిడ భర్త బుచ్చిరాజు గారి పేరు మీదిది, మూడో కట్టలో ఉంది. అట్ట చింపి గౌనులో దాచుకుని పైకొచ్చాను. దాని మీద మా కాంపౌండరు ప్రకాశం గారి రాత, ఎర్ర ఇంకుతో: చిన్నకోడలికి పెన్సిలిన్ పడదు.

ఇప్పుడు చూశాను. అప్పుడు చూడలేదు.


2 జూన్

వెంటిలేటర్ మీదే ఉంది. నేను అన్నం తిన్నాను. కక్కేశాను. అమ్మ, మామిడిపళ్ళు ఎక్కువ తినకే వేడి చేస్తుందని అంటే వినవు, అంది.


3 జూన్, ఆదివారం

ఇది టెన్త్ తెలుగు నోట్సు. వెనక నుంచి రాస్తున్నాను. నా ఇంగ్లీషు పుస్తకాలన్నీ నాన్నగారు తిరగేస్తారు, ఇది మాత్రం ముట్టుకోరు. స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైను వేసేవాళ్ళు. ఇప్పుడు దాక్కోవడానికి తెలుగే దొరికింది.

పరీక్షలయ్యాక ఏప్రిల్లో నాన్నగారు విశాఖపట్నంలో ఏదో మీటింగుకి వెళ్ళొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే మాట. "పేషెంటు గుమ్మంలోకి రాగానే వాడి ఇరవయ్యేళ్ళ జబ్బులు తెర మీదికి వచ్చెయ్యాలి తల్లీ. ఏ మందు పడింది, ఏది పడలేదు, అన్నీ. మన కొత్తపేటలో ఎవరూ పెట్టలేదు." ఆయన కళ్ళు మెరిసేవి. అబద్ధం కాదు, నిజంగానే మెరిసేవి. కంప్యూటర్ వచ్చింది. ఎక్కించే పని నాకిచ్చారు, అది అయ్యేదాకా కంప్యూటర్ పైన ఇంట్లోనే ఉండేది. పదకొండు వందల ఫైళ్ళు.

మా దగ్గర ఫైలు మనిషికొకటి కాదు, ఇంటికొకటి. ఇంటి పెద్ద పేరు మీద ఉంటుంది, ఆయన పోయినా సరే. బుచ్చిరాజు గారు పోయి తొమ్మిదేళ్ళు. లోపల ఎవరి కాగితాలు వాళ్ళవి పిన్నుతో గుచ్చి ఉంటాయి. అట్ట మీద మాత్రం కాంపౌండరు జ్ఞానప్రకాశం గారు తన పద్ధతిలో రాసేవారు. మామ్మగారికి షుగరు. పెద్దకోడలికి సల్ఫా పడదు. రెండో అబ్బాయికి ఫిట్సు. పేర్లు రాయరు. ఆడవాళ్ళని పేరు పెట్టి పిలవడం ఆయనకి మొహమాటం. ఆయనకి అన్ని ఇళ్ళూ తెలుసు కాబట్టి పేర్లు అక్కర్లేదు. సూది వేసే ముందు అట్ట చూసి, మళ్ళీ నోటితో కూడా అడిగేవారు. "ఏమ్మా, పడని మందులేమైనా ఉన్నాయా?" ప్రతివాళ్ళనీ. ప్రతిసారీ.

కంప్యూటర్ వచ్చాక నాన్నగారు ఆయన్ని చీటీల దగ్గర కూర్చోబెట్టారు. "అన్నీ ఇందులో ఉన్నాయి ప్రకాశం గారూ, ఇంకా అడగడం ఎందుకు, టైము వేస్టు," అన్నారు. ఆయన "ఆయ్," అని తలూపారు.

కంప్యూటర్లో ఎలర్జీ గడి పసుపు రంగులో ఉంటుంది. అది ఖాళీగా ఉంటే సేవ్ అవదు, టుంగుమని అరుస్తుంది. బ్లడ్ గ్రూపుకైతే 'తెలియదు' అని ఒకటి ఉంది, నొక్కితే చాలు. ఎలర్జీకి అలా లేదు, మనమే కొట్టాలి. మొదటి రోజు 'నాట్ నోన్' అని ఇంగ్లీషులో కొట్టాను. ఎనిమిది అక్షరాలు. రెండో రోజు నుంచి 'నిల్'. మూడే అక్షరాలు. తర్వాత అది కూడా కొట్టలేదు, కాపీ చేసి అతికించుకుంటూ పోయాను.

మొదటి వారంలోనే ఐనవిల్లి తాతగారొకాయన ఒకే బీపీ బిళ్ళ రెండు కంపెనీల పేర్లతో వేసుకుంటున్నారని కంప్యూటర్ వల్లే బయటపడింది. నాన్నగారు ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి, అందరి ముందూ నా నోట్లో పెట్టారు. "ఇది నా కూతురు కాదు, నా రెండో స్టెతస్కోపు," అన్నారు. అందరూ నవ్వారు.

ఆ నెయ్యి ఇప్పుడు గొంతులో పేరుకున్నట్టుంది. ఉమ్మినా పోవట్లేదు.


4 జూన్, సోమవారం

నాన్నగారు మధ్యాహ్నం పేషెంట్లు వెళ్ళిపోయాక పిలిచారు. తలుపు దగ్గరికి వేశారు. కేకలేస్తారేమో అనుకున్నాను. నెమ్మదిగానే మాట్లాడారు. అమ్మ పంపిన తాటిముంజలు ఒలుచుకుంటూ మాట్లాడారు.

"తల్లీ, ఆ వెంకటలక్ష్మి రికార్డు తెరువు."

తెరిచాను.

"ఎలర్జీ దగ్గర పెన్సిలిన్ అని కొట్టు. ఇకముందు ఎవరూ పొరపాటు చెయ్యకూడదు కదా."

నాకెంత హాయిగా అనిపించిందో. నిజమే కదా, ముందు చెయ్యాల్సింది అదే కదా అనుకున్నాను. నిల్ చెరిపి పెన్సిలిన్ అని కొట్టాను. సేవ్ చేశాను. టుంగుమనలేదు.

"ఇప్పుడొక ప్రింటు తియ్యి."

తీశాను. ఆయన పైన తేదీ చూశారు. ముంజ నీళ్ళు వేలి మీంచి కాగితం మీద ఒక చుక్క పడింది.

"ఇది పనికిరాదు. మే ముప్ఫై ఒకటో తేదీతో రావాలి. వస్తుందా?"

అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. కాలేదనే రాస్తున్నాను. కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పితే వస్తుందని నాకు తెలుసు, ఆయనకి తెలియదు. "వస్తుంది నాన్నగారూ," అన్నాను. టీచరు అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసినప్పుడు చెప్పినట్టు చెప్పాను. తిప్పాను. ప్రింటు తీశాను. ఆయన దాని మీద సంతకం చేసి, ఆవిడ కేసు షీటుకి పిన్ను గుచ్చారు.

"నువ్వు ఎవరితోనూ ఏమీ అనకు. చిన్నపిల్లవి. దుర్గే సరిగ్గా చూసుకోలేదు. ఏం?"

అప్పుడు అర్థమైంది. అప్పుడు కూడా "సరే నాన్నగారూ," అన్నాను.

ఒక ముంజ నాకు ఇచ్చారు. తిన్నాను. చల్లగా, మెత్తగా, కనుగుడ్డులా ఉంది.


5 జూన్

దుర్గక్క పొద్దుట నన్ను చూసి నవ్వింది.


6 జూన్, బుధవారం

దుర్గక్కని తీసేశారు. పేషెంట్లందరి ముందే.

సుబ్బాయమ్మ గారితో పాటు వెంకటలక్ష్మి తరఫు వాళ్ళు నలుగురు వచ్చారు. నాన్నగారు కేసు షీటు తెరిచి, ఆ ప్రింటు వాళ్ళకి చూపించారు. "చూడండి, మా కంప్యూటర్ చెప్పింది. పెన్సిలిన్ పడదని స్పష్టంగా ఉంది. చూడకుండా సూది వేసిన మనిషిని నేనేం చెయ్యను?"

దుర్గక్క ఆ కాగితం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పింది. "ఇది కాదండి సార్. నిల్ అనుందండి. నేను చూసేనండి. మిమ్మల్ని టెస్టు డోసు కూడా అడిగేనండి."

"చాల్లే ఊరుకో. కళ్ళెదురుగా ఉంటే ఇంకా బుకాయిస్తావేంటి?"

"అమ్మతోడండి సార్. అమ్మాయి గారే ఇచ్చేరండి ప్రింటు." నా వైపు తిరిగింది. "అమ్మాయి గారూ, నిల్ అని లేదాండి? మీరు చెప్పండి."

నేను ప్రింటర్లో కాగితాలు సర్దాను. సర్ది ఉన్న వాటినే మళ్ళీ సర్దాను.

సుబ్బాయమ్మ గారు లేచి దుర్గక్క చెంప మీద కొట్టారు. పెద్ద దెబ్బేం కాదు, ముసలావిడ. అయినా దుర్గక్క టోపీ ఊడి కింద పడింది. "నా కోడలికి పాతికేళ్ళే, ఇద్దరు పిల్లలు. మొగుడు కువైట్లో ఉన్నాడు. ఆడికి ఏం చెప్పను?" అని ఏడ్చారు. దుర్గక్క వంగి టోపీ తీసుకుంది.

ఆదివారం సాయంత్రం ఐదింటికి పెద్దమనుషులు కూర్చుంటారట. అందరి ముందూ కంప్యూటర్ తెర చూపిస్తానని నాన్నగారు చెప్పారు. తర్వాత పోలీసులకి కాగితం రాస్తారట. ఇక దుర్గక్కకి ఈ చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలోనూ పని దొరకదు. అమ్మే అంది, పాపం అని కూడా అంది, పప్పు తాలింపు పెడుతూ.

సాయంత్రం ప్రకాశం గారు చీటీల బల్ల దగ్గర నన్ను ఆపారు. జేబులో ఎర్ర పెన్ను ఇంకా ఉంది.

"అమ్మాయి గారూ, ఓ మాటండి. ఈ పెట్టె నాలుగు రోజులు వెనక నడుస్తందండి."

"ఏంటండీ?"

"ఇయాళ ఆరో తారీకండి. చీటీల మీద రెండో తారీకు పడతందండి. సోమవారం మధ్యాహ్నం నించీ ఇంతేనండి. అంతకు ముందు బానే ఉండేదండి."

గడియారం ముందుకి తిప్పడం మర్చిపోయాను.

"కరెంటు పోయినప్పుడు అలా అవుతుందండి," అన్నాను.

ఆయన నా మొహం చాలాసేపు చూశారు. "ఆయ్. అవుద్దేమోనండి," అన్నారు. "నాకు తెలీదు గానండి, సుబ్బాయమ్మ గారింటి అట్ట మీద నేనే రాసేనండి. షెడ్డులో వెతికితే లోపలి కాగితాలున్నాయి గాని అట్ట లేదండి."

పైకొచ్చి స్నానం చేశాను. మళ్ళీ చేశాను. సబ్బు కూడా ఆసుపత్రి సబ్బే.


7 జూన్

వెంటిలేటర్ తీసేశారు. బతికింది. ఎడమ చెయ్యి రావట్లేదట. పిల్లల పేర్లు అడిగితే తడుముకుంటోందట.

నాన్నగారు ఫోన్ పెట్టేసి, హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలారు. రాత్రి భోజనంలో చారు రెండుసార్లు పోసుకుని జుర్రారు. నేను ఆయన గొంతు పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చున్నాను. నాకు నాన్నగారంటే అసహ్యం వేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇదే చేత్తో ఆవిడ గుండె నొక్కి బతికించారు. అది కూడా నేను చూశాను. రెండూ ఒకే చెయ్యి. వేళ్ళు నాకుతున్నారు.


8 జూన్, శుక్రవారం

మృగశిర వచ్చింది గానీ వాన లేదు. ఉక్క.

అట్ట తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ప్రతి ఫైలూ ఎక్కించాక దాని అట్ట మీద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో ఒక టిక్కు పెట్టేదాన్ని. ఎక్కించినవీ ఎక్కించనివీ కలిసిపోకుండా. ఈ అట్ట మీద కూడా ఉంది. ఒకటో తారీకున చూసినప్పుడే ఉంది. ఎక్కడుందో రాయలేదు.

ఎర్ర ఇంకు పక్కనే ఉంది. పక్కన కూడా కాదు. టిక్కు తోక 'పడదు' మీంచి వెళ్ళింది.

చూశాను.

ఏప్రిల్ ఇరవై ఆరు. ఆ రోజు నలభై మూడు ఫైళ్ళు ఎక్కించాను. ఇది ముప్ఫై తొమ్మిదోది. చిన్నకోడలు అని ఉంది. లోపల కాగితాల్లో ఇద్దరు కోడళ్ళ పేర్లున్నాయి, ఇద్దరికీ వయసు ఇంచుమించు ఒకటే. ఎవరు పెద్ద, ఎవరు చిన్న? ప్రకాశం గారు కిందే ఉన్నారు. పద్దెనిమిది మెట్లు. అడిగితే వెంటనే చెప్పేవారు, వాళ్ళ ముత్తాత దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పేవారు, అందుకే వెళ్ళలేదు. ఆయన దగ్గర వచ్చే పొగాకు వాసన నాకు పడదు. టీవీలో నాకిష్టమైన ప్రోగ్రాం ఇంకో ఐదు నిమిషాల్లో మొదలవుతుంది. ఇద్దరికీ నిల్ అతికించాను. తర్వాత అడుగుదాం అనుకున్నాను.

అనుకోలేదు. అది ఇప్పుడు కలిపాను. అసలేమీ అనుకోలేదు.

ఇంకో సంగతి. మిగతా అట్టల మీద కూడా ఎర్ర ఇంకు ఉండేది. ఎన్నింటి మీదో. వాటికేం చేశానో గుర్తులేదు. పదకొండు వందల ఫైళ్ళు. రోజూ కింద నా నిల్ చూసి పేషెంట్లకి సూదులు వేస్తున్నారు.


9 జూన్, శనివారం

పొద్దుట ప్రకాశం గారి బల్ల దగ్గరికి వెళ్ళాను. "పాత కట్టలు తుక్కువాడికి ఇవ్వద్దండి," అన్నాను.

"ఇవ్వలేదండి. నిన్న వచ్చేడు గానండి, డాక్టర్ గారు ఆగమన్నారని చెప్పేసేనండి."

"నాన్నగారు అన్నారా?"

"అనలేదండి."

తర్వాత, రేపు మూడింటికి నాన్నగారు పడుకున్నప్పుడు వెనక మెట్ల మీంచి దుర్గక్కని తీసుకురమ్మని చెప్పాను. ఎందుకని అడుగుతారేమో, ఏం చెప్పాలో తయారుచేసుకుని వెళ్ళాను. ఆయన అడగలేదు.

"ఆయ్. తీసుకొస్తానండి," అన్నారు. "పాపం, దుర్గ నాలుగు రోజుల్నించి అన్నం ముట్టట్లేదంటండి."

సూది వేసే ముందు నన్ను కూడా చిన్నప్పుడు ఆయనే అడిగేవారు. ఏమ్మా, పడని మందులేమైనా ఉన్నాయా. నేను, ఉన్నాయి, అన్నీ పడవు, అని ఏడిస్తే నిజంగానే అట్ట మీద రాశారు. అమ్మాయి గారికి అన్నీ పడవంట. నాన్నగారు చూసి నవ్వుకున్నారు. మా ఇంటి ఫైలు అట్ట ఏమైందో.


10 జూన్, ఆదివారం. రెండూ ఇరవై

నాన్నగారు పడుకున్నారు. గురక వినబడుతోంది. అమ్మ పక్కింటికి వెళ్ళింది.

అసలు ప్రింటు తీసి ఉంచాను. మే 31, పదకొండూ పన్నెండు నిమిషాలు, ఎలర్జీ: నిల్. మూల మీద వెంకటలక్ష్మి చెప్పు మరక ఉంది. ఇది చాలు. ఇది చూపిస్తే దుర్గక్క చెప్పింది నిజమని అందరికీ తెలుస్తుంది. నాన్నగారు తేదీ మార్చి తీయించారని కూడా తెలుస్తుంది, కానీ ఆయన డాక్టరు, ఏదో ఒకటి చెప్పుకుంటారు. కంప్యూటర్ తప్పు అంటారు. కంప్యూటర్‌ని ఎవరూ కొట్టరు.

అట్ట ఇవ్వక్కర్లేదు. దుర్గక్కని కాపాడటానికి అట్టతో పనిలేదు. ఎంత ఆలోచించినా అదే తేలుతోంది. ప్రింటు ఇస్తాను, అట్ట కాల్చేస్తాను. అగ్గిపెట్టె కూడా తెచ్చుకున్నాను.

రెండూ నలభై

కాల్చలేదు. ఒక పుల్ల గీశాను, ఊదేశాను.

అట్ట లేకపోతే సుబ్బాయమ్మ గారు చెప్పారనడానికి ఏముంది? నిల్ ఒక్కటే ఉంటే, మీరు అసలు చెప్పలేదు అంటారు. నాన్నగారే అంటారు. నాకు ఆయన గొంతు వినబడుతోంది, నెమ్మదిగా, ముంజ ఒలుచుకుంటూ. అప్పుడు ఆ ముసలావిడ నిజంగానే చెప్పానా లేదా అని తన్ను తానే అడుక్కుంటుంది. బతికున్నంత కాలం.

ఆవిడ చెప్పారు. ప్రకాశం గారు రాశారు. నేను చూశాను. నా టిక్కు ఉంది.

ఆ మిగతా పదకొండు వందలు కూడా ఉన్నాయి. కట్టలు విప్పి, ఒక్కొక్క అట్టా ప్రకాశం గారి పక్కన కూర్చుని, ఎవరు పెద్దకోడలు, ఎవరు చిన్నకోడలు అని అడిగి మళ్ళీ ఎక్కించాలి. నన్ను ఆ కుర్చీలో ఇంకెవరైనా కూర్చోనిస్తే.

నా రాత నాకే తెలియట్లేదు. నాన్నగారికి తెలిస్తే

మెట్ల మీద ఇద్దరి అడుగులు. ఇంకా మూడు కాలేదు.

తలుపు కొడుతున్నారు. నెమ్మదిగా, ఒక వేలితో. "అమ్మాయి గారూ, మేమేనండి."

గురక ఆగింది.

నోట్సు పరుపు కిందికి తోసేస్తున్నాను. అట్ట మాత్రం బల్ల మీదే, ప్రింటు పక్కన, ఎర్ర ఇంకు పైకి కనబడేలా